బిందె చుట్టూ నిలబడ్డవాళ్ళు

మా వీధి చివర సెలూన్‌లో ఈమధ్య టోకెన్ పద్ధతి పెట్టారు. ఫోన్‌లో బుక్ చేసుకుంటే టైమిస్తారు. ఆ టైముకి వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంటుంది. కూర్చోగానే కత్తెర మోగుతుంది, కాసేపటికి మనం మళ్ళీ రోడ్డు మీద ఉంటాం. ఆ సెలూన్ అతను రోజూ పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చి వెళ్తాడు. సాయంత్రం బస్సు అందుకోవడానికి ఇదే సుఖంగా ఉందని చెప్పాడు. అతని సుఖం నాకర్థమైంది. నా కష్టమే అతనికి అర్థం కాలేదు. నా జుట్టుకి అంత తొందరేమీ లేదు, తొందరపడాల్సినంత జుట్టూ లేదు. నేను వెళ్ళేది గోడవారగా ఉండే బెంచీ కోసం. దాని మీద ఒక గంట కూర్చుంటే స్టీలు ప్లాంటులో ఎవరు రిటైరయ్యారో, పోర్టు క్వార్టర్స్‌లో ఏ ఇంటికి నీళ్ళు రావడం లేదో, ఎవరి అల్లుడు ఎంత పనికిమాలినవాడో తెలిసేది. ఇప్పుడా బెంచీ తీసేసి ప్లాస్టిక్ మొక్క పెట్టారు. దానికి అల్లుళ్ళు లేరు.

గట్టిగా ఒక మాట అందామనుకున్నాను. నోటిదాకా వచ్చాక, నాకా అర్హత లేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మాది సముద్రపొడ్డు పేట. మా ఇంట్లో వేటకి వెళ్ళకుండా బతుకుతున్న మొదటివాణ్ణి నేనే. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ప్రాబబిలిటీ చెబుతుంటాను. ఏం దొరుకుతుందో తెలియని పని మావాళ్ళు సముద్రం మీద చేస్తారు, నేను ఏసీలో చేస్తాను. అంతకు మించి వంశానికి నేను చేసిన ద్రోహమేమీ లేదని చాలాకాలం అనుకున్నాను.

మా అక్క పేటలోనే ఉంటుంది. బావ, అంటే అక్క మొగుడు, నన్ను కూడా ‘బావా’ అనే పిలుస్తాడు. మా వైపు మగవాళ్ళు ఆటో డ్రైవర్‌నీ, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణీ కూడా అలాగే పిలుస్తారు కాబట్టి, ఆ పిలుపులో పెద్దగా వెతకాల్సిందేమీ లేదనుకునేవాణ్ణి.

బావది ‘పెద్ద వల’ అనే రకం. పడవ మీద ఆ వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, అరచందమామలాగా దింపి, దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఇక ఒడ్డు మీద రెండు బారులుగా జనం నిలబడి లాగాలి. లాగేకొద్దీ వల దగ్గరవుతుంది. పెద్ద వల ఏ ఒక్కరిదీ కాదు. ఒక్కో కుటుంబం ఒక్కో ముక్క అల్లుకుని తెస్తే, ఆ ముక్కలన్నీ కలిపి కుడితే వల అవుతుంది. మా పేటలో అలాంటివి ఐదున్నాయి. అన్నిటికంటే పెద్దదాంట్లో పన్నెండు కుటుంబాలు. అన్నిటికంటే చిన్నది బావది. అందులో మూడే.

ఐదు వలలున్నా, రాళ్ళు లేకుండా వల లాగడానికి వీలైన జాగా మా ఒడ్డులో ఒక్కటే. తెల్లవారుతూనే ఎవరు ముందు వేస్తే వాళ్ళకి నెత్తళ్ళ చేపలు పడతాయి. తర్వాత వేసినవాళ్ళకి ఎక్కువగా సముద్రపు నీళ్ళు పడతాయి. అందుకని ఆ మొదటి వంతు ఎవరిదో ఏ రోజుకారోజు ఒడ్డు మీదే తేల్చేవారు. పేట పెద్ద ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉంది. అందులో ముప్పై బెండు ముక్కలు, వల మునిగిపోకుండా కడతారే, ఆ బెండ్లే. కుటుంబానికొకటి చొప్పున, ఒక్కో వలకి ఒక్కో రంగు దారం. పెద్దాయన గంగమ్మకి దణ్ణం పెట్టి, బిందెలో చెయ్యి పెట్టి, ఒకటి తీసేవాడు. ఏ రంగు వస్తే ఆ వలది వంతు. తీసిన బెండు మళ్ళీ బిందెలోకే వెళ్ళేది. మర్నాడు మళ్ళీ అందరూ కొత్తవాళ్ళే.

ముప్పైలో మూడు బావవి. సగటున పది రోజులకి ఒక పొద్దు. దాంతో మూడు ఇళ్ళు గడవడం కష్టంగానే ఉండేది. మిగతా రెండు కుటుంబాలూ అప్పటికే ఒక కాలు బయట పెట్టి ఉన్నాయి. వాళ్ళు తప్పుకుంటే వల లేదు. వల లేకపోతే బావకి మిగిలేది అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని. పేటలో చాలామంది అప్పటికే ఆ బస్సెక్కారు. అక్క కూడా ఎక్కమనేది.

“నాలుగ్గోడల మద్దిన నాకు గాలాడదే” అనేవాడు బావ. “నా వల ఉన్నన్నాళ్ళూ నన్నొగ్గేయ్.”

“ఉన్నన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?”

“అది మీ తమ్ముణ్ణడుగు. ఆడు లెక్కల మాస్టారు కదా.”

అక్క నన్ను అడగలేదు. నేను చెప్పనూ లేదు.

ఒకరోజు పేట పెద్ద మా కోచింగ్ సెంటర్‌కి వచ్చాడు. లుంగీ, తలకి తువ్వాలు, చేతిలో తాటాకు బుట్టలో చేపలు. రిసెప్షన్‌లో అమ్మాయి ఎవరి తండ్రో అనుకుని, “ఏ బ్యాచ్ అండీ?” అని అడిగిందట. “పెద్ద వల” అన్నాడట. ఆ అమ్మాయి లిస్టులో వెతికింది కూడా.

“బాబూ, ఆ బిందె గొడవ ఇంక నా వల్ల కాదురా” అన్నాడు పెద్దాయన, క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని. “తడి బెండైతే సేతికి తెలుత్తాదంట. నానే ముందురోజు రేతిరి నచ్చినోళ్ళది తడిపి ఎడతన్నానంట. అమ్మకి దణ్ణం పెట్టి ముంచిన సెయ్యిరా ఇది. దీన్ని దొంగ సెయ్యంటన్నారు. నువ్వు పిల్లలకి ఇదే సెప్తావంట కదా, ఏది ఎప్పుడొత్తాదో?”

“ఎప్పుడొస్తాదో చెప్పలేమని చెప్తాను పెద్దయ్యా.”

“అది తెలుసుకోడానికి ఇక్కడిదాకా వత్తారేటి?”

“బస్సులెక్కి వస్తారు.”

ఆయన గోడ మీది బోర్డు వంక కాసేపు చూశాడు. నేనింకా చెరపని లెక్క ఒకటి దాని మీద ఉంది. “మరైతే ఆ పని నీ ఫోన్ను సెయ్యమను” అన్నాడు. “దానికి సెయ్యి లేదు కదా, దొంగ సెయ్యనరు.”

ఇంతకంటే సులువైన పని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఐదు ఫలితాలు, ఒక్కోదానికి ఒక్కో బరువు, ఆ బరువుల ప్రకారం రోజుకొకటి చొప్పున ఒక వరస పుట్టించాలి. మా పిల్లలు రెండో వారంలో నేర్చుకునేది ఇదే. అయినా పేటలో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని, ఆదివారం ఒడ్డుకి వెళ్ళి ఒక తాడు ఇసకలో చాపాను. ముప్పై బారల తాడు. మొదటి పన్నెండు బారలు పన్నెండు కుటుంబాల పెద్ద కూటమివి, అక్కడొక బెండు కట్టాను. తర్వాత ఆరు, ఆపైన ఐదు, ఆపైన నాలుగు, చివరి మూడూ బావవి. ఎక్కడ ఒక వల భాగం అయిపోయి ఇంకోటి మొదలవుతుందో అక్కడల్లా బెండు.

“ఇప్పుడు కళ్ళకి గంతలు కట్టుకుని ఒక గవ్వ ఇసిరామనుకోండి. తాడు మీద ఎక్కడైనా పడొచ్చు. ఏ రెండు బెండ్ల మద్దిన పడితే ఆ వలది వంతు. పొడుగు ముక్క మీద ఎక్కువసార్లు పడతాది, పొట్టి ముక్క మీద తక్కువసార్లు. ఫోన్ సేసేది ఇంతే.”

“గవ్వ ఎవుడిసురుతాడు?” అన్నాడు పేట పెద్ద.

“ఫోనే.”

“దానికి కళ్ళున్నాయా?”

“లేవు.”

“సుట్టాలు?”

“లేరు.”

“మరింకేటి” అన్నాడాయన. ఆ రోజు ఆ మాట ఒక మెచ్చుకోలుగా వినబడింది.

బావ ఒక్కడే తాడు చివరికి నడిచి, తన మూడు బారల మీద నిలబడి చూసుకున్నాడు. “బావా, ఇది మరీ పొట్టిగా కనిపిత్తంది” అన్నాడు.

“బిందెలో కూడా అంతే ఉండేది.”

“బిందెలో కనపడేది కాదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రోగ్రాం రాయడానికి టీ తాగినంత సేపు పట్టింది. నిజం చెప్పాలంటే టీ ఎక్కువసేపు పట్టింది. సున్నాకీ ఒకటికీ మధ్య ఎక్కడో ఒక అంకె పుడుతుంది, అది తాడు మీద పడ్డ చోటుని బట్టి వల పేరు వస్తుంది. బిందెకీ దీనికీ లెక్కలో వెంట్రుకవాసి తేడా లేదు. కాగితం మీద నిరూపించమంటే ఇప్పుడైనా నిరూపిస్తాను. ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మొదట్లో అంతా పాత పద్ధతిలోనే సాగింది. పొద్దున్నే ఐదు వలల వాళ్ళూ ఒడ్డుకి వచ్చేవారు. బిందె ఉన్న చోట పేట పెద్ద ఫోన్ పట్టుకుని నిలబడేవాడు. దణ్ణం పెట్టి, వేలితో నొక్కేవాడు. రంగు వచ్చేది. వంతు రానివాళ్ళు కాసేపు ఫోన్‌ని తిట్టేవారు, కాసేపు నన్ను తిట్టేవారు. తర్వాత తాడు పట్టుకునేవారు.

మా ఒడ్డు మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వల అయినా సరే, తాడు ముట్టినవాడికి చేపల్లో వాటా ఇవ్వాలి. కూటమి వాడా కాదా అని అడగకూడదు. దారినపోయే వాడొచ్చి పట్టుకున్నా ఇవ్వాలి. దీన్ని నేను చిన్నప్పుడు మంచితనం అనుకున్నాను. పెద్దయ్యాక, మంచితనం అంత క్రమం తప్పకుండా ఉండదని తెలిసింది. పెద్ద వల లాగడానికి కనీసం నలభైమంది కావాలి. బావ వలలోని మూడు కుటుంబాలూ పిల్లాజెల్లాతో సహా కట్టకట్టుకుని వచ్చినా అందులో సగం కారు. మిగతావాళ్ళు ఎక్కడ్నుంచి వచ్చేవారంటే, ఓడిపోయినవాళ్ళలోంచి. ఎలాగూ లేచారు, ఎలాగూ వచ్చారు, ఎలాగూ బిందె చుట్టూ నిలబడ్డారు. ఉత్త చేతులతో ఇంటికెళ్తే పెళ్ళాలు ఊరుకోరు. తాడు పట్టుకుంటే కూరకైనా వస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియనివాణ్ణేమీ కాను. కాకపోతే ఇది ప్రోగ్రాంలో ఎక్కడ రాయాలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

కొన్నాళ్ళకి పెద్ద కూటమికి వరసగా నాలుగు రోజులు వంతు వచ్చింది. బిందె ఉన్నప్పుడూ ఇలా అయ్యేది. అప్పుడు “అమ్మ దయ” అనేవారు. ఇప్పుడు మిగతా వలలవాళ్ళు నాకు ఫోన్ చేశారు.

“ఏటి మాస్టారూ, నీ గవ్వ అక్కడే తిరగతంది?”

“అలా వరసగా రావడం మామూలే. రాకపోతేనే అనుమానించాలి.”

“అంటే మోసం జరిగినట్టుంటే మోసం లేనట్టేటి?”

ఇంత చక్కగా నా విద్యార్థులెవరూ చెప్పలేదు. ఆ వాక్యాన్ని మర్నాడు క్లాసులో వాడుకున్నాను, నాదే అన్నట్టు.

ఆ గొడవ తేల్చడానికి రామాలయం అరుగు మీద కూర్చున్నారు. నన్నూ పిలిచారు. ఫోన్ పేట పెద్ద చేతిలో ఉంటే నచ్చేదాకా నొక్కుతున్నాడని ఒకరు అన్నారు. అయితే అది ఎవరి చేతిలోనూ ఉండకూడదని ఇంకొకరు అన్నారు. ప్రతి సాయంత్రం దానంతటదే రేపటి వంతు తేల్చేసి, అందరి ఫోన్లకీ ఒకేసారి మెసేజి పంపితే బాగుంటుందన్నది ఎవరి నోటి నుంచి వచ్చిందో నాకిప్పుడు గుర్తులేదు. నా నోటి నుంచి కాదని అనుకోవడానికి బలమైన కారణమేమీ లేదు. అందరికీ నచ్చింది. చలిలో లేచి నిలబడక్కర్లేదు. వంతు లేనివాడు హాయిగా పడుకోవచ్చు, లేదా వేరే పని చూసుకోవచ్చు.

“అంటే మా వంతు కాని రోజు నాను ఒడ్డుకి రానక్కర్లేదా?” అన్నాడు బావ.

“వత్తే ఎవుళొద్దన్నారు?” అన్నాడొకాయన. “నువ్వొచ్చి ఓడలు లెక్కెట్టుకో.”

పోర్టులోకి వెళ్ళే వంతు కోసం లంగరేసుకుని నిలబడే ఓడలు మా ఒడ్డు నుంచి కనిపిస్తాయి. బావకి వాటిని చూడ్డం ఇష్టమని పేటంతా ఎరుగుదురు. మళ్ళీ అందరూ నవ్వారు. బావ నా వైపు చూశాడు. నేనేదో అంటానని చూశాడనుకుంటాను. నేను అప్పటికే ఫోన్ తీసి ఆ మార్పు చేసేస్తున్నాను. ఒక్క వాక్యం మార్చితే సరిపోయింది. ‘నొక్కినప్పుడు’ అన్నది ‘సాయంత్రం ఏడింటికి’ అయింది.

పేటలో నా పరపతి అంతకు ముందూ తర్వాతా ఆ స్థాయికి వెళ్ళలేదు. పొద్దున్నే నిద్ర దొరికిన ప్రతి మనిషీ నాకు రుణపడ్డాడు. వంతు లేదని ముందు రోజే తెలుస్తుంది కాబట్టి, కొందరు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోయడానికి వెళ్ళారు, కొందరు అపార్ట్‌మెంట్ల పెయింటింగ్ పనులకి కుదిరారు, కొందరు ఆటోలు తోలారు. పెద్ద కూటమికి తమ పన్నెండు ఇళ్ళ చేతులే సరిపోయాయి. మధ్య వలలు ఎలాగో నెట్టుకొచ్చాయి. పేటలో మొట్టమొదటిసారి ఎవరూ ఎవరితోనూ పొద్దున్నే పోట్లాడుకోవడం లేదని పేట పెద్ద సంతోషంగా చెప్పాడు. పోట్లాడుకోవడానికి ఎవరూ లేరన్నది ఆయన చెప్పలేదు. నాకూ దూరం నుంచి వినబడలేదు.

ఇక బావ వంతు. అది రాలేదు. పది రోజులకొకటి రావాల్సింది ఇరవై రోజులైనా రాలేదు. నెల దగ్గరపడింది. మూడు బారల తాడు మీద గవ్వ పడ్డానికి అంతకాలం పట్టడం వింతేమీ కాదు. ముప్పై రోజులు అసలే పడకుండా ఉండే అవకాశం కూడా నూటికి నాలుగు పాళ్ళుంది, బోర్డు మీద చూపించగలను. చూపించాను కూడా, క్లాసులో. అక్క ఫోన్ చేసి, మిగతా రెండు కుటుంబాలూ ఈ నెల చూసి తప్పుకుంటామంటున్నాయని చెప్పింది.

“ఒకసారి ఆ ఫోన్ను కొంచెం సూడరాదేటి?” అంది.

“సూడ్డమంటే?”

“నీకు తెలీదేటి?”

తెలుసు. ఆ గవ్వని రెండంగుళాలు జరపడం నాకు చిటికెలో పని. జరపలేదు. అందుకు నేను ఇప్పుడు కూడా విచారించడం లేదు. విచారించాల్సింది అది కాదని తర్వాత తెలిసింది.

ఒక సాయంత్రం నేను క్లాసు మధ్యలో ఉండగా ఏడయింది, ఫోన్ చిన్నగా అదిరింది. మెసేజి చూశాను. బావ రంగు. పిల్లల ముందే నవ్వాననుకుంటాను. కాసేపటికి బావ ఫోన్ చేశాడు. వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

“బావా, వచ్చింది” అన్నాడు. “నీళ్ళు కూడా రంగు మారినాయి. నెత్తళ్ళు ఒడ్డుకొచ్చీసినాయి. రేపు పడితే, ఆ రెండిళ్ళవాళ్ళూ ఇంకెక్కడికీ ఎల్లరు.”

“చెప్పానుగా, గవ్వ ఎప్పటికైనా పడతాదని.”

“పడింది గానీ...” అని ఆగాడు. ఎవరో పక్కన మాట్లాడుతున్నట్టు వినబడింది. “నీ కాడ ఎంతమంది పిల్లలున్నారు?”

“వందకి పైనే.”

“అందరికీ సేతులున్నాయా?”

“ఉన్నాయి గానీ వాడరు బావా. పెన్ను పట్టుకోడానికే నొప్పులంటారు.”

ఆయన నవ్వాడు. ఆయన నవ్వు పెద్దది, ఫోన్‌లోంచి కూడా వరండా అంతా వినబడుతుంది. “సర్లే, ఉంటాను” అన్నాడు. నేను లోపలికి వెళ్ళి ఆ సంభాషణ పిల్లలకి చెప్పాను. వాళ్ళూ నవ్వారు. ఒకరిద్దరు తమ చేతుల వంక చూసుకున్నారు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

తర్వాతి సంగతి నేను చూడలేదు, అక్క చెప్పింది. బావ ఆ సాయంత్రం పేటంతా ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ రానని అనలేదు. కానీ ఐసు పనికి మాటిచ్చినవాళ్ళు ఇచ్చారు, పెయింటింగ్‌కి ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు. మెసేజిలో తమ వంతు కాదని చూడగానే, ఎవరి రేపటిని వాళ్ళు ఏర్పాటు చేసుకున్నారు. కొంతమంది “పొద్దున్న లేత్తే వత్తాను” అన్నారు. లేవలేదు. అందులో కోపం లేదు, పగ లేదు. వాళ్ళని ఒడ్డుకి రప్పించే పనేదీ ఇప్పుడు లేదు, అంతే.

తెల్లవారేసరికి ఒడ్డు మీద మూడు కుటుంబాలూ, పేట పెద్దా, నడకకి వచ్చిన ఇద్దరు రిటైర్డ్ ఉద్యోగులూ ఉన్నారు. వల వేశారు. వేసిన చోట నీళ్ళు మరుగుతున్నట్టు కదిలాయట, అంత చేప. ఆడవాళ్ళు చీర కొంగులు బిగించి ఒక తాడు, మగవాళ్ళు ఒక తాడు పట్టుకున్నారు. రిటైర్డ్ ఉద్యోగులు కాసేపు లాగి, డాక్టరు వద్దన్నాడని గుర్తొచ్చి వదిలేశారు. వల సగం దాకా వచ్చి ఆగింది. చేప బరువు ఒకటి, నీటి లాగుడు ఒకటి. నిండిన వల నిలవదు. లాగేవాళ్ళుంటే ఒడ్డుకొస్తుంది, లేకపోతే నీరు ఎటు పోతే అటు పోతుంది. అది మెల్లగా దక్షిణానికి జరిగి రాళ్ళ మీదికెక్కింది. బావ తాడు వదల్లేదట. “ఒగ్గేయ్, ఒగ్గేయ్” అని అక్క అరిచిందట. అరచేతుల తోలు ఊడిపోయాక వదిలాడు.

చిరిగిన వల కుట్టుకోవచ్చు. పెద్ద వలలు ఎప్పుడూ చిరుగుతూనే ఉంటాయి. కానీ ఆ రెండు కుటుంబాలకీ ఓపిక అయిపోయింది. ఆ వారమే వల విడదీశారు. ముక్కల్ని కలిపిన కుట్లు విప్పి, ఎవరి ముక్క వాళ్ళు పట్టుకెళ్ళడమే విడదీయడం. నేను వెళ్ళేసరికి బావ ఇసకలో కూర్చుని కుట్లు విప్పుతున్నాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాయి, అందుకని నెమ్మదిగా సాగుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఏదైనా సరదా మాట అందామని చూశాను. ఒక్కటీ రాలేదు. నాకది కొత్త అనుభవం.

“నీ ఫోన్ తప్పు లేదు బావా” అన్నాడు ఆయనే. “గవ్వ పడింది కదా.”

ఇప్పుడాయన అచ్యుతాపురం బస్సు ఎక్కుతున్నాడు. మెడలో కార్డు, కాళ్ళకి బూట్లు. బస్సు పేట మొదట్లో ఆగుతుంది, కాబట్టి సముద్రం వైపు చూడాల్సిన అవసరం రాదు. పేట పెద్ద ఫోన్ చేసి, బావ రంగు తీసేయమన్నాడు. తీసేశాను. మూడు బారల తాడు కోసేసి, మిగిలిన దాన్ని మిగిలిన నాలుగు వలలకీ వాటి వాటి పాళ్ళలో సర్దాను. అంతా కలిపితే మళ్ళీ ఒకటే వచ్చింది. అవకాశాలన్నీ కలిపితే ఒకటి రాకపోతే ఆ లెక్క తప్పన్నట్టు. ఎవరు పోయినా మొత్తం ఒకటే వచ్చే లెక్క ఇది. దీన్ని నేను ఇన్నేళ్ళుగా పిల్లలకి దాని అందం అని చెబుతూ వచ్చాను.

మెసేజి మానేసి పాత పద్ధతి పెట్టమని పేట పెద్దతో చెప్పాను. ఆయన పెట్టాడు. ఒక పొద్దున్న బిందె కూడా తెచ్చి, ఇసక మీద పెట్టి నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. “మెసేజెట్టీండి, సూసుకుంటాం” అన్నారట. ఆయన కాసేపు ఓడల వైపు చూసి, బిందె చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

పోయిన ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. బావకి ఓవర్‌టైమ్ ఉందని లేడు. అక్క నెత్తళ్ళు శుభ్రం చేస్తోంది. ఎక్కడివని అడిగితే, కొన్నానంది. ఆ మాట మా ఇంట్లో వినడం అదే మొదలు. నేను గడపలో కూర్చుని, సెలూన్‌లో బెంచీ తీసేసిన సంగతి చెప్పాను. ప్లాస్టిక్ మొక్క సంగతి చెప్పాను. ఆమె నవ్వింది, మా అక్క నా మాటలకి నవ్వుతుంది. అది చూసి ధైర్యం వచ్చి, ఇన్నాళ్ళూ చెప్పని ఆ సాయంత్రపు ఫోన్ సంగతి కూడా చెప్పాను. బావ నా దగ్గర ఎంతమంది పిల్లలున్నారని అడగడం, చేతులున్నాయా అనడం, ఉన్నాయి గానీ వాడరని నేననడం, ఆయన అంత గట్టిగా నవ్వడం.

“ఆ కంగార్లో కూడా మీ ఆయన వందమంది పిల్లల్ని తాడు లాగడానికి తెమ్మన్నాడు సూడు” అన్నాను.

అక్క చేతిలో చేప ఆగింది. నా వైపు చూడలేదు.

“వందమందిని అడగలేదురా ఆయన” అంది. “నిన్నడిగాడు.”